కొండ నేర్పిన రుఖ్సత్

మదరసాలో ఫిఖహ్ బోధించే వారికి ప్రయాణపు నమాజు అధ్యాయం ఏటా ఒకసారి వస్తుంది. ముసాఫిర్ అంటే ఎవరు, నాలుగు రకాతుల నమాజు ఎప్పుడు రెండుగా మారుతుంది, తోలు మేజోళ్ళపై మసహ్ ఎన్ని రోజులు చేయవచ్చు, నీళ్ళు తగిలితే హాని కలుగుతుందన్న భయమున్నప్పుడు తయమ్ముం ఎలా చేయాలి? ఇవన్నీ మేము పాతికేళ్ళకు పైగా చెబుతూనే ఉన్నాము. ధర్మం దాసులకు ఇచ్చిన ఈ వెసులుబాట్లను మా పుస్తకాలలో రుఖ్సత్ అంటారు. అసలు ఆదేశాన్ని అజీమత్ అంటారు. రుఖ్సత్ బలహీనుల కోసమనీ, అజీమత్ గట్టివాళ్ళ మార్గమనీ మా మనసులలో ఒక అభిప్రాయం ఏనాడో స్థిరపడిపోయింది. పుస్తకం అలా చెప్పలేదు. మేమే అలా అనుకున్నాము, పిల్లలకు కూడా మాటలతో కాకపోయినా చూపులతో అదే నేర్పాము. అది ఎంత దూరం తీసుకుపోగలదో కశ్మీరు కొండలలో మూడు రోజుల నడకలో మాకు తెలిసి వచ్చింది. పాఠకులతో ఆ సంగతి పంచుకోవడం మా మీద ఉన్న బాధ్యతగా భావించి ఇది రాస్తున్నాము.

మేము నలుగురం. ఆదిలాబాద్ ప్రాంతంలోని ఒక చిన్న మదరసాలో బోధిస్తాము. ముగ్గురికి యాభై దాటాయి. హిఫ్జ్ తరగతి చెప్పే హాఫిజ్ సాబ్‌కు అరవై ఒకటి. మాలో ఇద్దరితో కలిసి చదువుకున్న కశ్మీరీ మిత్రుడొకరు గాందర్‌బల్ వైపు ఒక గ్రామంలో ఇమాముగా ఉన్నారు. మొదట ప్రతి ఉత్తరంలోనూ, తరువాత ప్రతి ఫోనులోనూ ఆయన పిలుస్తూనే ఉన్నారు. "కొండల గురించిన ఆయతులు పిల్లలకు చెబుతుంటారు గదా, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళి చెప్పండి" అనేవారు.

ఆ మాట మమ్మల్ని తాకేది. సూరె ఫాతిర్ 27వ ఆయతులో పర్వతాలలోని తెల్లని, ఎర్రని, కారునలుపు చారల ప్రస్తావన ఉంది. ఆ వెనువెంటనే 28వ ఆయతులో, అల్లాహ్ దాసులలో జ్ఞానం గలవారే ఆయనకు భయపడతారన్న భావం వస్తుంది. కొండల రంగులకూ జ్ఞానుల భయానికీ ఉన్న సంబంధాన్ని మేము వ్యాఖ్యాన గ్రంథాల సాయంతో వివరించేవాళ్ళము. కానీ మేము చూసిన కొండలు మా జిల్లా టేకు గుట్టలే. అందుకే ఆ ఏడు బక్రీద్ సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని, జూలై నెలలో నాగపూర్ మీదుగా రైలులో జమ్మూకు, అక్కడి నుంచి రోడ్డు మార్గాన శ్రీనగర్‌కు చేరుకున్నాము.

మేము ఎంచుకున్నది కశ్మీరు మహా సరస్సుల మార్గం. శ్రీనగర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో సింధ్ నది ఒడ్డున ఉన్న సోన్‌మర్గ్ వద్ద అది మొదలవుతుంది. నిచ్నయ్ కనుమ దాటి విషన్‌సర్, కిషన్‌సర్ సరస్సులు, గడ్‌సర్ కనుమ దాటి గడ్‌సర్, ఆపై సత్‌సర్, చివరకు హర్‌ముఖ్ పర్వతం పాదాల చెంత నుంద్‌కోల్, గంగాబల్ సరస్సులు చూసి నారానాగ్ గ్రామానికి దిగుతుంది. మొత్తం 70 కిలోమీటర్ల పైచిలుకు నడక. మంచు కరిగే జూలై నుంచి సెప్టెంబరు దాకానే ఈ దారి తెరుచుకొని ఉంటుంది. మా మిత్రుని మేనల్లుడు ఈ దారిలో మార్గదర్శిగా పని చేస్తాడు. పాతికేళ్ళ కుర్రవాడు, మితభాషి. గుర్రాలపై గుడారాలు, బియ్యం, పప్పు, వంటసామగ్రి ఎక్కించి ఆదివారం ఉదయం మమ్మల్ని నడిపించాడు. తనిఖీ కేంద్రంలో ఆధార్ కార్డులు చూపించి, పేర్లు రాయించి, బిస్మిల్లాహ్ అని అడుగు వేశాము.

మొదటి రోజు మార్గం పైన్ చెట్ల నీడలో, ఆపై భూర్జ వృక్షాల మధ్య సాగింది. పూర్వం మన దేశంలో గ్రంథాలు రాసుకున్న భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. తెల్లని పొరలు పొరలుగా ఊడి వస్తున్న ఆ బెరడును తాకి చూస్తుంటే, కాగితం లేని కాలంలో విద్య కోసం మనుషులు పడిన పాట్లు గుర్తుకు వచ్చాయి. ఆ చెట్లు ముగిసిన చోట ఇక చెట్లన్నవే లేవు. పచ్చిక, రాయి, నీరు, ఆకాశం. అంతే.

సాయంత్రం కనుమకు ఇవతల, సుమారు 3,500 మీటర్ల ఎత్తున గుడారాలు వేశారు. ఖిబ్లా మా ఊరిలో పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది. ఇక్కడ పడమరకు కొంచెం దక్షిణంగా తిరగాలి. దిక్సూచి పెట్టి గుడ్డ పరిచాము. పక్కన పారుతున్న వాగు మంచు గడ్డల కింది నుంచే వస్తోంది. అందులో చేయి పెడితే వేళ్ళు తమవి కానట్టు అయిపోతున్నాయి. మాలో ముగ్గురం తోలు మేజోళ్ళు తెచ్చుకున్నాము. ప్రయాణంలో ఉన్నవారు మూడు పగళ్ళు, మూడు రాత్రుల పాటు వాటిపై మసహ్ చేయవచ్చునని మేమే పిల్లలకు చెబుతాము. హాఫిజ్ సాబ్ కూడా తెచ్చుకున్నారు. కానీ ఆయన వాటిని సంచిలోంచి తీయలేదు. చీలమండల దాకా ఆ నీటిలోనే పాదాలు కడుక్కున్నారు. ఎందుకని అడిగితే, కష్టమైన వేళలో సంపూర్ణంగా వుజూ చేస్తే పాపాలు తుడిచిపెట్టుకుపోతాయని హదీసు ఉంది గదా అన్నారు. ఉంది. సహీహ్ ముస్లింలో ఉంది. మేము మారు మాట్లాడలేదు. పైగా మా మేజోళ్ళను చూసుకొని కొంచెం సిగ్గుపడ్డాము కూడా.

భోజనం తరువాత మార్గదర్శి ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి తలనొప్పి ఉందా, వికారంగా ఉందా, అన్నం సహిస్తున్నదా అని అడిగాడు. వేలికి తొడిగే ఆక్సిమీటరు పెట్టి చూశాడు. కొవిడ్ కాలంలో ఇంటింటా కనిపించిన ఆ చిన్న పరికరమే. హాఫిజ్ సాబ్ లెక్క మా అందరికన్నా కొంచెం తక్కువగా వచ్చింది. "తలనొప్పి ఉందా, హజ్రత్?" అని అతడు రెండోసారి అడిగాడు. "అల్‌హందులిల్లాహ్, ఏమీ లేదు" అన్నారాయన. అది నిజం కాదని మాకు రెండు రోజుల తరువాత తెలిసింది.

సోమవారం నిచ్నయ్ కనుమ ఎక్కాము. అది సుమారు 4,080 మీటర్ల ఎత్తు. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా 21 శాతమే, కానీ పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడే తగ్గిపోతుంది. నాలుగు వేల మీటర్ల దగ్గర అది సముద్రమట్టం వద్ద ఉండే దానిలో 60 శాతం పైచిలుకు మాత్రమే. కనుక ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు కూడా ఆ మేరకే. ఇరవై అడుగులు వేసి నిలబడడం, మళ్ళీ ఇరవై అడుగులు. మార్గం చూపబడని వాని ఛాతీ ఆకాశంలోకి ఎక్కుతున్నవాని ఛాతీలా ఇరుకైపోతుందన్న సూరె అన్‌ఆమ్ ఉపమానాన్ని మాలో ఒకరు గుర్తు చేశారు. ఎవరికీ బదులు చెప్పేంత ఊపిరి లేదు. ఎన్నిసార్లో చెప్పిన ఆ పాఠం మా పక్కటెముకల మధ్య మొదటిసారి అర్థమైంది.

మధ్యాహ్నం కనుమపైన రొట్టెల పొట్లాలు విప్పాము. హాఫిజ్ సాబ్ తన పొట్లం గుర్రాల కుర్రవాడికి ఇచ్చేశారు. ఆయన దయాగుణం మాకు తెలిసిందే కనుక అనుమానం రాలేదు. సోమవారం నఫిల్ ఉపవాసం ఆయన ఏళ్ళ తరబడి విడవకుండా పాటిస్తారన్న సంగతి ఆ క్షణంలో మాలో ఒక్కరికీ తట్టలేదు. జూలైలో ఆ ప్రాంతంలో ఫజ్ర్ మొదలు మగ్రిబ్ దాకా దాదాపు 16 గంటలు. సహరీకి నాలుగు ఖర్జూరాలు తిని, గుక్కెడు నీళ్ళు తాగి, ఆ మనిషి నాలుగు వేల మీటర్ల కనుమ ఎక్కి దిగారు.

కనుమకు ఆవల దిగేది విశాలమైన పచ్చిక లోయ. మా ఊరి కళ్ళకు ఆ పచ్చదనం నమ్మశక్యంగా తోచలేదు. కాలి కింద పసుపు, నీలం, ఊదా రంగుల పూలు పరుచుకొని ఉన్నాయి. మార్మాట్ అనే జంతువులు, ఉడుతల జాతివే కానీ కుందేలు కన్నా పెద్దవి, కలుగుల ముందు నిటారుగా నిలబడి ఈలలు వేసి లోపలికి దూరుతున్నాయి. సాయంత్రానికి విషన్‌సర్ చేరాము. సుమారు 3,700 మీటర్ల ఎత్తున, మూడు వైపులా కొండలు కాపు కాస్తున్న సరస్సు. కొండలలో నిజంగానే తెల్లని చారలు, తుప్పు ఎరుపు చారలు, కారునలుపు చారలు ఉన్నాయి. ఆ మూడూ నీటిలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. సుబ్‌హానల్లాహ్ అని నిలబడిపోయాము. ఫాతిర్ ఆయతులు మాలో ఒకరు నెమ్మదిగా పఠించారు. ఆ నీటి ముందు కాసేపు ఎవరమూ పండితులం కాము.

మంగళవారం విశ్రాంతి దినం. అంతకుముందు రోజు ఎక్కిన ఎత్తుకు శరీరం అలవాటు పడేందుకు ఒకచోటే ఆగాలని మార్గదర్శి నియమం. 3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం మేలని అతడు చెప్పాడు. ఉదయం హాఫిజ్ సాబ్ గుడారంలోనే ఉండి ఖుర్‌ఆన్ పఠించుకుంటానన్నారు. మేము ముగ్గురం అతనితో కలిసి పైనున్న కిషన్‌సర్‌కు వెళ్ళాము. ఆ సరస్సు మీదుగా గడ్‌సర్ కనుమకు పోయే కాలిబాట కొండ ఒంటిపై గీసిన సన్నని గీతలా కనబడింది. మరుసటి రోజు మేము నడవవలసిన బాట అదే. సుమారు 4,200 మీటర్లు. ఆ గీతను చూసి భయమూ ఉత్సాహమూ రెండూ కలిగాయి.

పదకొండు గంటలకు తిరిగి వచ్చేసరికి హాఫిజ్ సాబ్ గుడారం బయట కూర్చొని ఉన్నారు. ఖుర్‌ఆన్ ఒడిలో మూసి ఉంది. సలాం చెబితే ఆలస్యంగా జవాబిచ్చారు. "ఫజ్ర్ నమాజు చేశామా?" అని అడిగారు. ఆ ఫజ్ర్‌కు ఇమామత్ చేసింది ఆయనే. నవ్వులాటకు అడిగారనుకొని మేము నవ్వబోయాము. మార్గదర్శి నవ్వలేదు. ఆయనను లేపి, నేల మీద ఒక గీత గీసి, మడమను బొటనవేలికి ఆనించి అడుగులో అడుగు వేస్తూ నడవమన్నాడు. రెండో అడుగులోనే హాఫిజ్ సాబ్ పక్కకు ఒరిగిపోయారు. ఆక్సిమీటరు పెడితే మా ముగ్గురిదీ 86కు అటూ ఇటూ ఉండగా, ఆయనది 68 చూపించింది.

తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం కొండజబ్బుకు తొలి గుర్తులు. అవి కనబడ్డప్పుడు ఇక పైకి ఎక్కకుండా ఆగితే సాధారణంగా ఒకటి రెండు రోజులలో సర్దుకుంటుంది. ఆగకపోతే నీరు మెదడులోనో ఊపిరితిత్తులలోనో చేరుతుంది. అడుగు తడబడడం, మాట తికమక కావడం మెదడుకు సోకిందనడానికి గుర్తు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, దగ్గు రావడం ఊపిరితిత్తులకు సోకిందనడానికి గుర్తు. రెండూ ప్రాణాంతకాలే. రెండింటికీ తొలి చికిత్స ఒక్కటే, ఆలస్యం లేకుండా కిందికి దిగడం. ఇవన్నీ ఆ కుర్రవాడు మాకు రెండు నిమిషాలలో చెప్పాడు. తరువాత ఒక మాట అన్నాడు. "ఆదివారం రాత్రి తలనొప్పి అని చెప్పి ఉంటే నడిచే దిగిపోయేవాళ్ళము, మౌలానా. ఇప్పుడు కిందికి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి."

మేము ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించలేదు. విషన్‌సర్ నీళ్ళు ఉత్తరంగా గురేజ్ వైపు, కిషన్‌గంగా నదిలోకి పారుతాయి. అది సరిహద్దు ప్రాంతం, మాకు అనుమతి ఉన్న దారి కాదు. సోన్‌మర్గ్ చేరాలంటే మళ్ళీ నిచ్నయ్ కనుమ దాటక తప్పదు. దాచిన ఒక్క మాట మాకూ ఆసుపత్రికీ మధ్య నాలుగు వేల మీటర్ల గోడ కట్టింది.

మా గుర్రాలు మేతకు దూరంగా వెళ్ళి ఉన్నాయి. సరస్సుకు కొంచెం దిగువన ఒక బకర్‌వాల్ కుటుంబం వేసవి మకాం ఉంది. బకర్‌వాల్‌లు మేకలు, గొర్రెలు కాచుకొని బతికే సంచార ముస్లింలు. చలికాలం జమ్మూ వైపు దిగువ ప్రాంతాలలో గడిపి, ఎండలు ముదిరే వేళకు మందలతో కనుమలు దాటి ఈ పచ్చికలకు చేరతారు. 1991 నుంచి వీరు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. రాళ్ళు, మన్ను, దుంగలతో కట్టిన ఆ ఇంట్లో ముందు రోజు సాయంత్రం మాకు ఉప్పు టీ, మొక్కజొన్న రొట్టె పెట్టారు. ఇప్పుడు మార్గదర్శి పరుగున వెళ్ళి చెప్పగానే, ఇంటి పెద్ద మందను కొడుకుకు అప్పగించి గుర్రాన్ని తోలుకు వచ్చాడు. హాఫిజ్ సాబ్ వయసే ఉంటుంది. ఆయన భార్య వెంట వచ్చి హాఫిజ్ సాబ్ పెదవులు చూసి, "ఈయన నిన్న ఏమీ తాగలేదా?" అని అడిగింది. అప్పుడు హాఫిజ్ సాబ్ తలవంచుకొని ఉపవాసం సంగతి చెప్పారు. ఆవిడ నోట మాట రాలేదు. కాసేపటికి, "కొండ మీద రొట్టె దాచుకోవాలి బాబా, రోగం దాచుకోకూడదు" అన్నది.

మేము ధర్మ విద్య చదివినవాళ్ళము. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో జనం గుమిగూడి ఒక మనిషికి నీడ పడుతుండగా చూసి, ఏమిటని అడిగితే ఉపవాసంలో ఉన్నాడన్నారు. ప్రయాణంలో ఇలా ఉపవాసం ఉండడం సత్కార్యమేమీ కాదని ఆయన (స) చెప్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న ఈ హదీసు మాకు సనదుతో సహా కంఠస్థం. రంజాను ఫర్జ్ ఉపవాసాన్నే రోగులూ ప్రయాణికులూ తరువాతి దినాలకు వాయిదా వేసుకోవచ్చునని, అల్లాహ్ దాసులకు సౌలభ్యాన్నే కోరుతాడని సూరె బఖరాలో ఉంది. ఆవిడకు అక్షరం రాదు. అయినా ఆ హదీసు సారాంశం మా కన్నా ఆవిడకే ఎక్కువ తెలుసు.

హాఫిజ్ సాబ్‌ను గుర్రం ఎక్కించి, జీనుకు గుడ్డతో కట్టి, ఇద్దరం రెండు వైపులా పట్టుకొని నడిచాము. మార్గదర్శి దగ్గరున్న చిన్న ఆక్సిజన్ సిలిండరును దారిలో ఆగి ఆగి పట్టించాడు. ముందు రోజు సుబ్‌హానల్లాహ్ అంటూ దిగిన అదే లోయ. పూలు అవే. మేము ఒక్క పువ్వునూ చూడలేదు.

కనుమ ఎక్కుడు మొదలయ్యే చోట జుహర్ సమయం దాటిపోతుందేమోనని ఆగాము. హాఫిజ్ సాబ్ దిగి వాగు దగ్గరకు తీసుకువెళ్ళమన్నారు. నిలబడి చదువుతానన్నారు. మాలో ఒకరికి కోపమే వచ్చింది. "హజ్రత్, ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) హదీసు మీరే మాకు వినిపించారు" అన్నారు. మొలల వ్యాధితో బాధపడుతున్న ఆ సహాబీకి, నిలబడి నమాజు చేయమనీ, చేతకాకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకొని చేయమనీ దైవప్రవక్త (స) చెప్పిన హదీసు అది. హాఫిజ్ సాబ్ చాలాసేపు ఆ మాట వింటున్నట్టుగా ఉండిపోయారు. తరువాత గుర్రం మీదనే ఉండి చేతులు చాచారు. బకర్‌వాల్ పెద్దాయన వంగి ఒక పలకరాయిని పెకలించి, పైమట్టి దులిపి, రెండు చేతులతో ఎత్తి ఆయన ముందు పట్టాడు. హాఫిజ్ సాబ్ దానిపై అరచేతులు తట్టి ముఖాన రాసుకున్నారు. మళ్ళీ తట్టి మోచేతుల దాకా రాసుకున్నారు. గుర్రాన్ని ఖిబ్లాకు తిప్పి నిలిపాము. తల సైగలతో రెండు రకాతులు పూర్తి చేశారు. పాతికేళ్ళు బోధించిన మూడు అధ్యాయాలు, తయమ్ముం, రోగి నమాజు, ముసాఫిర్ నమాజు, అన్నీ ఒక్కసారే మా కళ్ళ ముందు జరిగాయి. అంత బీదగా, అంత నిండుగా చేసిన నమాజును మేము ఎన్నడూ చూడలేదు.

సలాం తిప్పాక ఆయన మా వైపు చూసి, "ఆ పిల్లవాడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?" అని అడిగారు.

ఏ పిల్లవాడు అని మేము అడగలేదు.

ఆ ముందటి డిసెంబరులో జరిగిన విషయం. ఆదిలాబాద్ చలి తెలుగు పాఠకులకు తెలిసిందే. పదకొండేళ్ళ హిఫ్జ్ విద్యార్థి ఒకడు రెండు రోజులుగా జ్వరమంటున్నాడు. ఫజ్ర్‌కు లేవలేదు. హాఫిజ్ సాబ్ లేపి తొట్టి నీళ్ళతో వుజూ చేయించి వరుసలో నిలబెట్టారు. మేమందరం అక్కడే ఉన్నాము. జ్వరం సాకు చెప్పి తప్పించుకునే పిల్లలు ఉంటారు, అలవాటు చెడిపోతుందని మాలో ఒకరు అన్నారు కూడా. రెండో రకాతులో వాడు పడిపోయాడు. న్యుమోనియా అన్నారు, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అల్లాహ్ దయతో కోలుకున్నాడు. తండ్రి వచ్చి, ఒక్క మాట అనకుండా, రేకు పెట్టె తీసుకొని వెళ్ళిపోయాడు. ఈ జబ్బు సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది, చన్నీళ్ళ వల్ల కాదని డాక్టరు చెప్పారు. ఆ మాటను పట్టుకొని మేము ఏడు నెలలు నిశ్చింతగా ఉన్నాము. నీళ్ళు జబ్బు తేలేదు, నిజమే. కానీ జబ్బున్న పిల్లవాడికి రోగి నమాజు అధ్యాయం ఉందని మేము చెప్పలేదు. అదే అధ్యాయాన్ని వాడి తోటివారికి ఆ వారంలోనే చదివించాము.

కనుమ దాటేసరికి నాలుగున్నర. అవతల దిగుడు మొదలై ఎత్తు తగ్గేకొద్దీ హాఫిజ్ సాబ్ మాట తేరుకుంది. భూర్జ వృక్షాల దగ్గరకు వచ్చేసరికి నీళ్ళు అడిగి తాగారు. రాత్రి తొమ్మిది దాటాక సోన్‌మర్గ్ చేరాము. అక్కడి వైద్యులు ఆక్సిజన్ పెట్టి, మందులిచ్చి, మరుసటి రోజు శ్రీనగర్ పంపారు. ఇంకొక రాత్రి పైన ఉండి ఉంటే ఈ వ్యాసం వేరే విధంగా ఉండేదని వారు చెప్పనక్కర లేకుండానే మాకు అర్థమైంది. బకర్‌వాల్ పెద్దాయన ఆ రాత్రి గుర్రంతో కింద ఆగి, తెల్లవారుజామునే మంద దగ్గరకు బయలుదేరాడు. డబ్బు ఇవ్వబోతే గుర్రం దాణాకు సరిపడా తీసుకొని మిగిలింది తిరిగి ఇచ్చేశాడు. దుఆ చేయండి చాలు అన్నాడు.

తరువాతి రోజులు శ్రీనగర్‌లో మిత్రుని బంధువుల ఇంట్లో గడిచాయి. అక్కడ మేము నలుగురం ఈ విషయమే మాట్లాడుకున్నాము. అబూదావూద్ గ్రంథంలో ఉన్న రెండు సంఘటనలు మాకు పదే పదే గుర్తుకు వచ్చాయి. ఒకటి అమ్ర్ బిన్ ఆస్ (రజి) గారిది. జాతుస్సలాసిల్ దండయాత్రలో చలి రాత్రి ఆయనకు స్నానం విధి అయ్యింది. చన్నీళ్ళతో స్నానం చేస్తే ప్రాణం పోతుందని భయపడి తయమ్ముం చేసి నమాజు చేయించారు. దైవప్రవక్త (స) ఆ వివరణ విని చిరునవ్వు నవ్వారు, ఏమీ అనలేదు. రెండోది తలకు గాయమైన ఒక ప్రయాణికునిది. తనకు తయమ్ముం వెసులుబాటు ఉందా అని సహచరులను అడిగాడు. నీళ్ళున్నాయి గనుక లేదన్నారు వారు. అతడు స్నానం చేసి మరణించాడు. సంగతి తెలిసిన దైవప్రవక్త (స) వారే అతణ్ణి చంపారని మందలించారు, తెలియనప్పుడు అడిగి ఉండవలసిందని అన్నారు.

మొదటి హదీసును మేము పరీక్షలో అడుగుతాము. రెండోది మా గురించేనని ఎప్పుడూ అనుకోలేదు. ఆ సహచరులకైనా తెలియక జరిగింది. మాకు తెలుసు.

మేము చేరుకున్న అవగాహన ఇది. కష్టం వేరు, హాని వేరు. చలిలో లేచి వుజూ చేయడం కష్టం, దానికి పుణ్యముంది. జ్వరంతో ఉన్న శరీరాన్ని, ఊపిరి అందని గుండెను ఇంకా నలగగొట్టడం హాని, దానికి అనుమతి లేదు. కష్టాన్ని ఓర్చుకునే ధైర్యమున్న మనిషికి హాని ఎదురైనప్పుడు ఆగడం కష్టమవుతుంది, ఎందుకంటే ఆగితే తాను చిన్నబోతానని భయం. హాఫిజ్ సాబ్ స్వయంగా చెప్పారు: "తలనొప్పి దాచింది అల్లాహ్ కోసం కాదు, మీ ముందు ముసలివాణ్ణి కాకూడదని." ఆరాధన అనుకున్న దానిలో ఎంత అహం కలిసిపోగలదో ఆ ఒక్క వాక్యంలో ఉంది. భూమిపై విర్రవీగి నడవవద్దు, కొండలంత ఎత్తుకు చేరలేవు అన్న హెచ్చరిక సూరె బనీ ఇస్రాయీల్‌లో ఉంది. కొండ ఎక్కేటప్పుడు దాన్ని తలుచుకున్నాము. దాని భావం మాత్రం దిగేటప్పుడు తెలిసింది. తన ఆదేశాలు పాటించడం అల్లాహ్‌కు ఎంత ఇష్టమో, తానిచ్చిన వెసులుబాట్లను స్వీకరించడం కూడా అంత ఇష్టమని హదీసులలో ఉంది. ప్రయాణపు నమాజు తగ్గింపును అల్లాహ్ చేసిన దానంగా దైవప్రవక్త (స) పేర్కొన్నారు. దానం ఇచ్చేవాడు ఆయన అయినప్పుడు, చేయి చాచకపోవడం భక్తి ఎలా అవుతుంది?

ఊరికి తిరిగి వచ్చిన వారానికి మేము నలుగురం ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళాము. తండ్రి పత్తి మిల్లులో పని చేస్తారు. కుర్చీలు లేక మంచం వాల్చారు. పిల్లవాడు చాలాసేపు లోపలి నుంచి రాలేదు. వచ్చాక తల్లి వెనుక నిలబడ్డాడు. హాఫిజ్ సాబ్ మంచం దిగి వాడి ఎత్తుకు నేలపై కూర్చొని, "బేటా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం, నేను విన్నది తప్పు. నన్ను క్షమించు" అన్నారు. మేము కూడా అదే చెప్పాము. తల్లి కంగారుపడి, పెద్దలు అలా అనకూడదంటూ కళ్ళు తుడుచుకుంది. తండ్రి ఏమీ అనలేదు. పిల్లవాడు ఏం చెప్పాలో తెలియక, "అక్కడ మంచు చూశారా?" అని అడిగాడు. చూశామని చెప్పి, గుర్రం సంగతీ, పలకరాయి సంగతీ చెప్పాము. వాడు మళ్ళీ మదరసాకు రాలేదు. ప్రభుత్వ బడిలో ఏడో తరగతి చదువుతున్నాడు. మేము బలవంతపెట్టలేదు. తాను కంఠస్థం చేసిన నాలుగు జుజ్‌లు మరిచిపోకుండా ఆదివారాలు హాఫిజ్ సాబే వాడి ఇంటికి వెళ్ళి వింటున్నారు.

ఆ చలికాలం నుంచి మా వుజూఖానా పక్కన నీళ్ళు కాగే పొయ్యి ఉంది. ఫజ్ర్‌కు గంట ముందు దాన్ని వెలిగించే వంతు పిల్లలది కాదు, ఉపాధ్యాయులది. జ్వరమన్న పిల్లవాడి నుదుటిపై మొదట చేయి పెట్టి చూడాలని, ప్రశ్న ఆ తరువాతేనని నియమం పెట్టుకున్నాము. ఇంట్లో ఉపవాసాలకు, నమాజులకు పిల్లలను, వృద్ధులను అలవాటు చేసే తల్లిదండ్రులకు, కోడళ్ళకు, కొడుకులకు కూడా మేము చేసే మనవి ఇదే. తమ బాధను చెప్పుకోవడానికి వారికి భయం లేకుండా చేయండి. రుఖ్సత్ ఎప్పుడు వర్తిస్తుందో తెలియకపోతే తెలిసినవారిని అడగండి. జబ్బు సంగతైతే వైద్యుణ్ణి అడగండి.

మిత్రుడు ఫోనులో నవ్వుతూ, మిగిలిన సరస్సులు మీ కోసం ఎదురుచూస్తున్నాయి అంటారు. అల్లాహ్ తలిస్తే వెళ్తాము. ఈసారి హాఫిజ్ సాబ్ తన తోలు మేజోళ్ళను సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకుంటానన్నారు.

ఓ అల్లాహ్! మాకిచ్చిన జ్ఞానాన్ని మా మీద సాక్ష్యంగా కాక, మా చేతిలోని వారికి దయగా మార్చు. మేము నొప్పించిన పసిమనసులకు ఊరట ప్రసాదించు. కొండ మీద మాకు గుర్రమిచ్చిన ఆ దంపతుల మందలలో, సంతానంలో శుభాలు నింపు. ఆమీన్.